ప్లగ్గు తీసిన వస్తువులో లేని కరెంటు

ప్లగ్గు తీసిన వస్తువులో కరెంటు ఉండదు. ఇది ప్రకృతి నియమం కాదు, శాఖ నియమం. కాబట్టి దీనికి మినహాయింపులు లేవు.

ఈ నియమాన్ని కంటికి రెప్పలా కాపాడుతున్నది గృహోపకరణాల భద్రతా శాఖ. దానికి ఒక భవనం, ఆ భవనంలో రెండు విభాగాలు. ప్లగ్గు పెట్టి ఉన్న వస్తువుల విభాగం మొదటి అంతస్తులో, ప్లగ్గు తీసిన వస్తువుల విభాగం రెండో అంతస్తులో. రెండింటికీ మధ్య ఒక లిఫ్టు ఉంది. ఆ లిఫ్టుకి ప్లగ్గు పెట్టినట్టో తీసినట్టో తేలలేదు. అందువల్ల దాన్ని ఏ విభాగం బాగుచేయించాలో కూడా తేలలేదు. పదమూడేళ్లుగా అది తలుపు తెరుచుకుని నేలమీదే నిలబడి ఉంది. (లోపల స్టూలు వేసుకుని వాచ్‌మన్ కూర్చుంటాడు. గాలి బాగా వస్తుందట.)

ఇంట్లో పాడైన వస్తువుల్ని జనం ఎవరికి వారే బాగుచేసుకోవాలన్న సదుద్దేశంతో శాఖ ఒక పసుపు అట్ట పుస్తకం అచ్చు వేసి ఇంటింటికీ పంచింది. ముప్పై రెండు పేజీలు. మొదటి పేజీలో శాఖాధిపతి ఫోటో. చివరి పేజీలో మళ్లీ ఆయనే, ఈసారి పక్కకి తిరిగి. మధ్యలో ఉన్నదంతా ప్లగ్గు తీసే విధానం. వైరు పట్టుకుని లాగొద్దు, తల పట్టుకుని లాగాలి. తడి చేత్తో లాగొద్దు. లాగేటప్పుడు మాట్లాడొద్దు. ఎడమచేతివాటం వారికి విడిగా నాలుగు పేజీలు. ఇవన్నీ చదివి ప్లగ్గు తీసినవారికి ముప్పై ఒకటో పేజీలో బహుమతిగా ఒకే ఒక వాక్యం, అరచేయంత అక్షరాల్లో: "ప్లగ్గు తీశారా? ఇక భయం లేదు. నిశ్చింతగా విప్పండి."

వైండింగాయన భార్య ఆ పేజీ చదివింది. నిశ్చింతగా విప్పింది.

*

వీధిలో అందరూ ఆయన్ని వైండింగాయన అనే పిలుస్తారు. నలభై ఏళ్లు మోటార్లకి తీగ చుట్టాడు. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ల మోటార్లు, ఆ తర్వాత వాషింగ్ మిషన్లు, మైక్రోవేవ్ ఓవెన్లు. ఇంటి ముందుగదే షాపు. గోడకి సైజులవారీగా స్క్రూడ్రైవర్లు, మేకుకి వేలాడుతూ తీగ చుట్టలు, నేలమీద గోనెపట్టా. పట్టా మీద కూర్చునే పని. లోపలికి పోయే గుమ్మంలో పీట వేసుకుని భార్య కూర్చునేది. కూరగాయలు తరగడం అక్కడే, పేపరు చదవడం అక్కడే, ఆయన్ని ఏడిపించడం అక్కడే.

ఆయనకో పద్ధతి ఉండేది. ఏ వస్తువు వచ్చినా ముందు ప్లగ్గు తీసి, దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. కూర్చున్న మనిషిని లేపకుండా ఆ ప్లగ్గుని ఎవరూ గోడకి పెట్టలేరు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లకి ఆయన చెప్పిన మొదటి పాఠం అదే. పీట మీద నుంచి ఆవిడ అడిగేది:

"ఏమండీ, పొదగడం అయిందా? ఇవాళ ఎన్ని పిల్లలు దిగాయి?"

నలభై ఏళ్లలో ఆ జోకు ఆవిడకి పాతబడలేదు. ఆయన ఒక్కసారీ నవ్వలేదు. (ఎన్నిసార్లు నవ్వి ఉండొచ్చో ఇప్పుడు లెక్క వేసుకుని కూర్చుంటాడు. పనేమీ లేదు కదా.)

ఆయనకి ఇంకో పద్ధతి కూడా ఉండేది. దాని గురించి ఆయనకే తెలియదు.

ఓవెన్ లాంటి వస్తువుల్లో కండెన్సర్ అని ఒక డబ్బా ఉంటుంది. కరెంటును పట్టి నిలవ ఉంచడం దాని పని. ప్లగ్గు తీసిన సంగతి దానికి ఎవరూ చెప్పరు. నిలవ ఉన్నది కాసేపటికి తనంతట తనే కారిపోయేందుకు లోపల ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. అది కాలిపోతే మాత్రం కరెంటు అక్కడే కూర్చుని, చెయ్యి పెట్టేవాడి కోసం చూస్తూ ఉంటుంది. అందుకని వైండింగాయన దగ్గర ఒక తీగ ఉండేది. రెండు కొనలకీ క్లిప్పులు, మధ్యలో కరెంటును మెల్లగా మింగేసే చిటికెన వేలంత పింగాణీ రెసిస్టర్. మూత విప్పగానే ఎడమ చెయ్యి వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తో ఆ తీగని డబ్బా మీది రెండు కొనలకీ తగిలించేవాడు. అయిదు లెక్కపెట్టి తీసేవాడు. అప్పుడే పని మొదలు. గొంతు సర్దుకున్నంత మామూలుగా చేసేవాడు. అందుకే దాని గురించి ఎవరికీ ఏమీ చెప్పలేదు. గుమ్మం ఆయన వెనక ఉండేది. పీట మీద నుంచి చూస్తే కనిపించేది ఆయన వీపు, దాని మీద ఎడమ చెయ్యి, తొడ కింద ప్లగ్గు. అంతే.

వాళ్ల ఇంట్లో ఓవెన్‌లో పళ్లెం తిరగడం మానేసింది. పాలు ఒకవైపు పొంగి, ఒకవైపు చల్లగా ఉండేవి. ఆవిడ మూడుసార్లు చెప్పింది. ఆయన మూడుసార్లూ "చూస్తాలే" అన్నాడు. నాలుగోసారి ఆవిడ చెప్పలేదు. ఆయన రాగి తీగ కొనడానికి వెళ్లిన రోజు పసుపు పుస్తకం పక్కన పెట్టుకుని, ప్లగ్గుని తల పట్టుకుని లాగి, పొడి చేతులతోనే, గోనెపట్టా మీద కూర్చుంది.

ఆయన తిరిగి వచ్చేసరికి ప్లగ్గు ఆవిడ తొడ కిందే ఉంది. పద్ధతి ఎక్కడా తప్పలేదు.

చూడటానికి వచ్చిన పోలీసాయన "కరెంటు షాక్" అని రాయబోయి, ప్లగ్గు ఎక్కడుందో చూసి పెన్ను ఆపాడు. ఆసుపత్రి వాళ్లు "గుండె ఆగింది" అని రాశారు. (ఎవరు ఎలా పోయినా సరిపోయే మాట. వాళ్ల దగ్గర దానికి రబ్బరు స్టాంపే ఉంది.)

*

వైండింగాయన శాఖని అడిగింది ఒక్క వాక్యం. ముప్పై ఒకటో పేజీలో, ఉన్న వాక్యం కిందే, ఎంత చిన్న అక్షరాల్లో అయినా సరే: "ప్లగ్గు తీసినా లోపల కరెంటు నిలవ ఉండొచ్చు, దాన్ని దించడం తెలియనివాళ్లు విప్పొద్దు." ఇది వేయించి చచ్చిపోవాలని ఆయన నిర్ణయించుకున్నాడు. వేయించకుండా చచ్చిపోతే పైన పీట మీద కూర్చున్న మనిషికి ఏం చెప్పాలో ఆయనకి తెలియదు.

అర్జీ పట్టుకుని మొదటి అంతస్తుకి వెళ్లాడు. ప్రమాదం జరిగినప్పుడు ప్లగ్గు పెట్టి ఉందా, తీసి ఉందా అని అడిగారు. తీసి ఉందన్నాడు. అయితే పైకి వెళ్లమన్నారు. పైకి వెళ్తే సెక్షను మేడం అర్జీ అంతా శ్రద్ధగా చదివింది. చదివి, కళ్లజోడు తీసి, ఎంతో మర్యాదగా అంది:

"పెద్దాయనా, షాక్ తగిలిందని రాశారు. షాక్ తగిలిందంటే కరెంటు ఉన్నట్టు. కరెంటు ఉందంటే ప్లగ్గు పెట్టి ఉన్నట్టు. ప్లగ్గు పెట్టి ఉంటే మొదటి అంతస్తు వాళ్లు చూస్తారు."

"ప్లగ్గు ఆవిడ తొడ కింద ఉందమ్మా."

"అలాగైతే కరెంటు లేనట్టు. కరెంటు లేకపోతే షాక్ లేనట్టు. షాక్ లేకపోతే ఈ అర్జీ లేనట్టు."

ఆయన కిందికి దిగాడు. మళ్లీ ఎక్కాడు. ఏడాదిలో పదకొండు సార్లు అర్జీ ఇచ్చాడు. పదకొండింటి మీదా "అందినది" అని ముద్ర వేశారు. పైకి వెళ్లినప్పుడల్లా మేడం కుర్చీ చూపించేది, మంచినీళ్లు ఇప్పించేది. మోకాళ్ల నొప్పులకి ఏం వాడుతున్నారని కూడా ఒకసారి అడిగింది. మెట్లు ఎక్కుతున్నానన్నాడు ఆయన.

పన్నెండోసారి ఆవిడ జాలిపడి, కాగితాలతో ఏదీ కదలదని, శాఖ వారి 'నిశ్చింత' యాప్‌లో పెట్టమని సలహా ఇచ్చింది. యాప్‌లో బావమరిది పెట్టించాడు. ఈ బావమరిది చనిపోయినావిడ తమ్ముడు. రెండు వీధుల అవతల దర్జీ. అక్క పోయిన దగ్గర్నుంచి రోజూ మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, బావ తిన్నదాకా కదలడు. వృత్తి వల్ల ప్రతి విషయాన్నీ కొలత తీసి మాట్లాడతాడు, అవసరమైతే అక్కడికక్కడే కత్తిరిస్తాడు.

యాప్ మొదటి ప్రశ్న: ప్లగ్గు (అ) పెట్టి ఉంది (ఆ) తీసి ఉంది. బావమరిది (ఆ) నొక్కాడు. వెంటనే తెర ఆకుపచ్చగా మారి, చేతులూ కాళ్లూ ఉన్న ప్లగ్గు బొమ్మ ఒకటి గెంతుతూ వచ్చింది. "అభినందనలు! మీరు సురక్షితంగా ఉన్నారు!" వెనక్కి వెళ్లి "ఫిర్యాదు" నొక్కితే, బాధితులు ఎవరో నిర్ధారించుకోవాలంది. పేరు ఇచ్చారు. బాధితురాలి ఫోనుకి ఓటీపీ పంపామంది.

వైండింగాయన లేచి లోపలికి వెళ్లాడు. అలమారలో చీరల మధ్య నుంచి ఫోను తెచ్చాడు. అందులో నిండా ఛార్జింగు ఉంది. వారానికి ఒకసారి పెడతాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఓటీపీ అందులోనే మెరిసింది. ఆరంకెలూ ఆయనే చదివాడు, బావమరిది కొట్టాడు.

"ధన్యవాదాలు. బాధితురాలు స్వయంగా నిర్ధారించారు. వారు క్షేమంగా ఉన్నందుకు శాఖ సంతోషిస్తోంది. మీ ఫిర్యాదు మూసివేయబడింది. మా సేవకి ఎన్ని చుక్కలు ఇస్తారు?"

బావమరిది చుక్కలు ఇవ్వకుండానే ఫోను కింద పెట్టి అన్నాడు:

"బావా, ఇంక వదిలెయ్. ఎవర్ని ఎంత తిట్టినా అక్క తిరిగి రాదు."

"తిరిగి రమ్మని అర్జీ పెట్టలేదురా. పుస్తకంలో ఒక లైను వెయ్యమన్నాను."

"వాళ్లు వెయ్యరు."

"వెయ్యరనే పదకొండు సార్లు రాసింది. వేసేవాళ్లయితే ఒకసారి చాలు."

*

బాధితురాలు క్షేమంగా ఉన్నట్టు రికార్డుల్లోకి ఎక్కడంతో సెక్షను మేడంకి దారి దొరికింది. చనిపోయిన మనిషి తరఫున అర్జీ అయితే పక్క శాఖల అనుమతులు కావాలి. క్షేమంగా ఉన్న మనిషి తరఫున అయితే అక్కర్లేదు. ఆవిడ నిబంధనల పుస్తకం తిరగేసి పంతొమ్మిదో నిబంధన పట్టుకుంది. ప్లగ్గు తీసిన వస్తువులో కరెంటు ఉందని ఎవరైనా మొండికేస్తే, ముఖ్య తనిఖీదారు స్వయంగా వారి ఇంటికి వెళ్లి పరీక్షించాలి.

పరీక్షకి మీటరు ఉండదు. శాఖలో ఉన్న ఒకే మీటరు మొదటి అంతస్తుది. కరెంటే లేని వస్తువుల విభాగానికి కరెంటు కొలిచే మీటరు ఎందుకని ఆడిటు వాళ్లు ఎప్పుడో ఎర్ర సిరాతో రాశారు. అప్పటి నుంచి రెండో అంతస్తులో పరీక్ష చూపుడు వేలితో జరుగుతుంది. ముఖ్య తనిఖీదారు కుడి చూపుడు వేలు. అర్జీదారు చూపించిన చోట, ఒక నిమిషం. ఇప్పటిదాకా మూడు వందల పన్నెండు ఇస్త్రీపెట్టెలు, ఫ్యాన్లు, టార్చిలైట్లు పరీక్షించారు. (టార్చిలైటుకి ప్లగ్గు ఉండదు. అది వేరే ఫైలు.) ఒక్కసారీ షాక్ కొట్టలేదు. ఆ వేలి మీద శాఖకి చాలా నమ్మకం.

"సార్‌కి షాక్ కొడితే మీ లైను వచ్చే ముద్రణలో వేస్తారు," అంది మేడం. "కొట్టకపోతే ఫైలు మూసేస్తారు. ఇంక తెరవడానికి ఉండదు పెద్దాయనా. ఆలోచించుకుని సంతకం పెట్టండి."

ఆయన ఆలోచించకుండా పెట్టాడు.

పోలీసులు తిరిగి ఇచ్చిన ఓవెన్ ఏడాదిగా మంచం కింద గుడ్డ కప్పుకుని ఉంది. తనిఖీకి ముందు రోజు ఉదయం ఆయన దాన్ని బయటికి తీసి చూశాడు. కారిపోయే ఏర్పాటు కాలిపోయే ఉంది. మిగతాదంతా బాగానే పనిచేస్తుంది. పళ్లెం తప్ప. బావమరిది క్యారియరు విప్పుతూ అడిగాడు, కొడుతుందా అని. కొడుతుందన్నాడు.

"చచ్చిపోతాడా బావా?"

"ఒకళ్లు పోతారు. ఒకళ్లు చెయ్యి కాలి వెల్లకిలా పడతారు. ఎవరికేది రాసుందో ఆ డబ్బాకి తెలియదు."

"మరి ఆయనకి చెప్పవా?"

"పదకొండు సార్లు రాసిచ్చాను. ముద్ర కూడా వేశారు."

బావమరిది అన్నం వడ్డించాడు. ఇద్దరూ తిన్నారు. వైండింగాయన ఆ రోజు రెండోసారి వడ్డించుకున్నాడు. ఏడాదిలో అదే మొదటిసారి. బావమరిదికి భయం వేసింది.

*

ముఖ్య తనిఖీదారు చెప్పిన టైముకే వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో ఫైలు. గుమ్మం బయటే చెప్పులు విడిచి, వాటిని జతగా సర్దిపెట్టాడు. లోపలికి రాగానే గోడ మీద చనిపోయినావిడ ఫోటో చూసి కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఓవెన్ చూసి, తమ ఇంట్లో కూడా ఇదే కంపెనీదని, పొద్దున్నే పాలు వెచ్చబెట్టడానికి భలే పనికొస్తుందని చెప్పాడు. మంచినీళ్లు అడిగి తాగాడు. వేళ్లు రుమాలుతో తుడుచుకున్నాడు. కూర్చోబోతూ పసుపు పుస్తకం కంటపడి, చిన్నగా నవ్వాడు.

"ముప్పై ఒకటో పేజీ నేనే రాశానండీ. పేరు వెయ్యలేదు గానీ మాట నాదే. నిశ్చింతగా అన్నది కూడా నాదే. ముందు ధైర్యంగా అని రాసుకున్నాను, తర్వాత మార్చాను."

వైండింగాయన ఆయన వైపు చూశాడు. ఏడాదిగా ఆయన మనసులో ఆ వాక్యానికి ఒక ముఖం లేదు. ఇప్పుడు వచ్చింది. ఆ ముఖానికి మీసాల మీద మంచినీళ్ల తడి ఉంది.

"బాగా రాశారు," అన్నాడు.

తనిఖీ మొదలైంది. వస్తువు పనిచేసే స్థితిలో ఉందని ముందు రుజువు కావాలి. గిన్నెడు నీళ్లు లోపల పెట్టి, ప్లగ్గు పెట్టి, ఒక నిమిషం నడిపారు. దీపం వెలిగింది, పళ్లెం తిరగలేదు, నీళ్లు ఒకవైపు వేడెక్కాయి. తనిఖీదారు రాసుకున్నాడు. తర్వాత ప్లగ్గు తీయించాడు. వైండింగాయన అలవాటు కొద్దీ దాన్ని తొడ కింద పెట్టుకోబోయాడు. అలా కుదరదన్నాడు తనిఖీదారు. ప్లగ్గు తీసే ఉందని మొదటి నుంచి చివరిదాకా అందరికీ కనపడాలి. దాన్ని సాక్షి పట్టుకోవాలి. బావమరిది గోడ పక్కన నిలబడి, వైరు అందినంత మేర, రెండు చేతులతో ప్లగ్గుని తలపైకి ఎత్తి పట్టుకున్నాడు.

వైండింగాయన గోనెపట్టా మీద కూర్చుని స్క్రూలు విప్పాడు. ఆరు స్క్రూలు. మూత తీసి పక్కన పెట్టాడు. తనిఖీదారు ఎదురుగా గొంతుక్కూర్చుని చొక్కా చెయ్యి మోచేతిదాకా మడిచాడు. శాఖ వారి ప్రమాణం చదివాడు: తాను ఈ పరీక్షను ఎవరి బలవంతమూ లేకుండా, కరెంటు లేదన్న పూర్తి నమ్మకంతో చేస్తున్నాననీ, ఏదైనా జరిగితే అది జరగలేదని తన వారసులు ఒప్పుకుంటారనీ. చదివి చూపుడు వేలు చాపాడు. గోరు నీటుగా కత్తిరించి ఉంది. పక్కన సిరా మరక.

"ఎక్కడ పెట్టమంటారండీ?"

వైండింగాయన చూపించాడు. డబ్బా మీద రెండు కొనలు, చిన్న కొమ్ముల్లా. వాటి మధ్య. ఆవిడ చెయ్యి ఉన్నదీ అక్కడే.

వేలు బయలుదేరింది.

అప్పుడు ఏం జరిగిందో వైండింగాయన తర్వాత చాలాసార్లు తలుచుకున్నాడు. ఆగమని అనలేదు. అనాలనీ అనుకోలేదు. ఆ మనిషి మీద జాలి కూడా ఏమంత కలగలేదు. నిజం చెప్పాలంటే ఆ వేలు కొంచెం త్వరగా వెళ్తే బాగుండుననే ఉంది. అంతలో ఎడమ చెయ్యి దానంతట అదే వీపు వెనక్కి పోయింది. కుడి చెయ్యి పట్టా అంచున ఉన్న తీగ అందుకుంది. ఆ వేలికంటే ముందు క్లిప్పులు రెండు కొనలకీ తగులుకున్నాయి. చిటుక్కుమని, గోరంత నీలి మెరుపు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. చేతులు ఆయన్ని అడగలేదు. నలభై ఏళ్లుగా ఎప్పుడూ అడగలేదు.

తనిఖీదారు వేలు వెనక్కి లాక్కున్నాడు.

"ఏమిటండీ అది?"

"దించాను."

"ఏం దించారు?"

"కరెంటు."

"ఏ కరెంటు?"

వైండింగాయన తీగ చుట్టి పక్కన పెట్టాడు. తనిఖీదారు కాసేపు ఆ డబ్బాని, కాసేపు తన వేలిని చూసుకున్నాడు. మాట్లాడతాడేమో అనిపించింది. కానీ నిబంధన ప్రకారం మొదలుపెట్టిన పరీక్షని మధ్యలో ఆపకూడదు. ఆయన మళ్లీ వేలు చాచి, చూపించిన చోటే పెట్టి, గడియారం చూసుకుంటూ నిమిషం ఉంచాడు. ఏమీ కాలేదు.

ఫారంలో రాసుకున్నాడు. తలపైకి చేతులు ఎత్తి ఉన్న బావమరిది అక్కడి నుంచే అన్నాడు:

"సార్, చిటుక్కుమంది, మీరూ విన్నారు. మెరుపు కూడా చూశారు. అది రాయరా?"

"విన్నానండీ. చూశాను కూడా," అన్నాడు తనిఖీదారు నిజాయితీగా. "ఫారంలో షాక్‌కే గడి ఉంది. శబ్దానికి లేదు."

సంతకాలు అయ్యాయి. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆయన ఎందుకో ఆగాడు. ఆ తీగ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు, గొంతు తగ్గించి. ఇంట్లో ఓవెన్ దీపం మొన్నటి నుంచి వెలగడం లేదట. ఆదివారం తనే విప్పి చూద్దామనుకుంటున్నాడట. వైండింగాయన ఆయన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"విప్పకండి," అన్నాడు. "ఇక్కడికి తీసుకురండి."

ఆయన వెళ్లాక బావమరిది చేతులు దించాడు. భుజాలు పట్టేశాయి. కూర్చుని, రెండు చేతుల్నీ ఒళ్లో పెట్టుకుని, బావ వైపు చూశాడు. అరుస్తాడేమో అనుకున్నాడు వైండింగాయన. అరవలేదు.

"ఏడాది తిరిగావు బావా. ఒక్క నిమిషం ఊరుకోలేకపోయావా?"

"నేనేం చెయ్యలేదురా. చెయ్యే చేసింది."

"అక్కకి ఒక్కసారైనా చూపించావా ఆ తీగ?"

వైండింగాయన ఓవెన్‌కి మూత పెట్టి స్క్రూలు బిగించడం మొదలుపెట్టాడు. ఆరూ బిగించాడు. మొదటిది వదులుగా ఉందనిపించి మళ్లీ బిగించాడు.

*

తొమ్మిదో రోజున శాఖ నుంచి రెండు కవర్లు వచ్చాయి.

మొదటి కవరులో ఉత్తర్వు. తనిఖీలో షాక్ తగలలేదు గనక ప్లగ్గు తీసిన వస్తువులో కరెంటు ఉండదని మూడు వందల పదమూడోసారి రుజువైంది. అర్జీ తిరస్కరించడమైనది. అర్జీదారు సహకారానికి కృతజ్ఞతలు. ముప్పై ఒకటో పేజీ యథాతథంగా ఉంటుంది. ఈ విజయాన్ని పురస్కరించుకుని వచ్చే ముద్రణలో అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చేస్తారు.

రెండో కవరులో నోటీసు. తనిఖీ సమయంలో అర్జీదారు ప్రవర్తన మీద మూడు అభియోగాలు మోపారు. ఒకటి, వస్తువులో లేని కరెంటును శాఖ అనుమతి లేకుండా దించడం. రెండు, ప్రభుత్వ వేలికి అడ్డు రావడం. మూడు, ఆ పని చేస్తున్నట్టు పక్కన ఉన్నవారికి ముందుగా చెప్పకపోవడం. ఒక్కొక్క దానికి ఎదురుగా "ఒప్పుకుంటున్నాను", "ఒప్పుకోవడం లేదు" అని రెండు గడులు. దాని పక్కన "ఎప్పటి నుంచి" అని ఇంకో గడి, ఒక్క మాట పట్టేంత.

బావమరిది మండిపడ్డాడు. మూడింటికీ ఒప్పుకోవడం లేదని కొట్టమన్నాడు. లేని కరెంటును దించితే తప్పేమిటని, ఉన్న కరెంటయితే అర్జీ ఎందుకు కొట్టేశారని, దీని మీద పైదాకా వెళ్తానని, అవసరమైతే కుట్టుపని మానేసి మెట్లు తనే ఎక్కుతానని అన్నాడు. వైండింగాయన అంతా విన్నాడు. కళ్లజోడు పెట్టుకుని, పెన్ను తెచ్చుకుని, గోనెపట్టా మీద కూర్చున్నాడు. గుమ్మంలో పీట ఉంది. దాన్ని అక్కడి నుంచి ఎవరూ తియ్యలేదు.

మొదటి దానికి ఒప్పుకోవడం లేదని గీత పెట్టాడు. రెండో దానికీ అంతే. మూడో దాన్ని ఇంకోసారి చదివాడు. తర్వాత "ఒప్పుకుంటున్నాను" అన్న గడిలో గీత పెట్టాడు. పక్క గడిలో "నలభై ఏళ్లుగా" అని రాశాడు. సంతకం చేశాడు.

సంతకం కింద ఇంకో గడి ఉంది. "ఇలా చెప్పకపోవడం వల్ల ఎవరికైనా ప్రాణనష్టం జరిగిందా?" అర్జీదారులకి శ్రమ ఎందుకని శాఖ దాన్ని తనే నింపి పంపింది. "లేదు" అని అందులో అచ్చు వేసే ఉంది.